డల్లాస్‌కి కొత్తగా వచ్చారా? టీవీ ప్యాకేజీకి ఒప్పుకునే ముందు యాంటెన్నా సంగతి చూడండి

డల్లాస్ చుట్టుపక్కల కొత్తగా దిగినవాళ్ళు ఇంటర్నెట్ కోసం ఫోన్ చేస్తే అవతలివాళ్ళు టీవీ ప్యాకేజీ కూడా కలిపి ఇవ్వాలని చూస్తారు, లోకల్ ఛానెళ్ళు కావాలంటే అదొక్కటే దారి అన్నట్టు మాట్లాడతారు. తొందరపడి ఒప్పుకోకండి. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ అన్నీ ఇక్కడ గాల్లోనే ఉచితంగా, హెచ్‌డీలో వస్తున్నాయి. ఒక్కసారి యాంటెన్నా కొని పెట్టుకుంటే నెలనెలా కట్టేది ఏమీ ఉండదు. కేబుల్ బిల్లు ఎవరిదైనా దొరికితే అడిగి చూడండి, చాలావాటిలో 'బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు' అని విడిగా ఒక లైన్ ఉంటుంది, ఈ ఉచిత ఛానెళ్ళ పేరు మీద వసూలు చేసే డబ్బు అదే.

ఒకటి ముందే చెప్పాలి, తెలుగు ఛానెళ్ళు దీంట్లో రావు, క్రికెట్ కూడా రాదు, వాటికి మీ ఓటీటీలు మీకు ఉండాల్సిందే. వచ్చేవి ఏంటంటే లోకల్ వార్తలు, వాతావరణం, పిల్లలకి రోజంతా పీబీఎస్ కిడ్స్, ఇంకా డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ మ్యాచ్‌లు. ఆ మ్యాచ్ పెయిడ్ సర్వీసులో వస్తున్నా సరే, ఊరి జట్టు కాబట్టి ఇక్కడ ఏదో ఒక లోకల్ ఛానెల్‌లో కూడా వేస్తారు. సోమవారం ఆఫీసులో అందరూ మాట్లాడుకునేది దాని గురించే, కాబట్టి కొత్తవాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటే వాళ్ళకీ మంచి కాలక్షేపం. రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే ఛానెల్ మారుతుంది, పాస్‌వర్డ్‌లు అడగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నాకు 2023 మార్చి 12 రాత్రి తెలిసింది. మన తెలుగు పాటకి ఆస్కార్ వస్తుందా రాదా అని అందరం ఎదురుచూస్తున్న ఆదివారం అది. ఆ షో ఇక్కడ ఏబీసీలో ఉచితంగా వస్తుంది, డల్లాస్‌లో ఏబీసీ అంటే ఛానెల్ 8. మూడు కుటుంబాలని భోజనానికి పిలిచాను. కిటికీకి అంటించిన కాగితం లాంటి పల్చటి యాంటెన్నాతో మా టీవీలో యాభై పైగా ఛానెళ్ళు వస్తున్నాయి, కానీ 8 మాత్రం లేదు. ఎన్నిసార్లు స్కాన్ చేసినా రాలేదు. చివరికి అన్నం గిన్నెలతో సహా కింది ఫ్లాట్ వాళ్ళింటికి వెళ్ళి చూశాం. అక్కడ కుందేలు చెవుల్లా రెండు పొడవాటి కడ్డీలున్న పాత రకం యాంటెన్నా ఉంది, దాంట్లో 8 చక్కగా వస్తోంది.

ఎందుకంటే తెర మీద కనిపించే నంబరూ, నిజంగా ప్రసారమయ్యే ఛానెలూ చాలాసార్లు ఒకటి కావు. 2009 జూన్‌లో ఇక్కడ పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి పూర్తిగా డిజిటల్‌కి వచ్చాయి, అప్పటి నుంచి పాత నంబర్లు పేర్లలాగా మిగిలాయి. డల్లాస్‌లో 4, 5, 11, 13 అని కనిపించేవి నిజానికి యూహెచ్‌ఎఫ్‌లో, అంటే 14 నుంచి 36 వరకు ఉన్న ఛానెళ్ళలో ప్రసారమవుతాయి. ఛానెల్ 8 మాత్రం నిజంగానే 8లో, అంటే 14 కంటే కింది నంబర్లుండే వీహెచ్‌ఎఫ్‌లో ఉంది. యూహెచ్‌ఎఫ్ తరంగాలకి ఒక అడుగు వెడల్పున్న యాంటెన్నా చాలు. ఛానెల్ 8 తరంగం పొడవు మీటరున్నర పైనే, దాన్ని బాగా పట్టాలంటే రెండు కడ్డీలనీ చెరో 16 అంగుళాలు లాగి అడ్డంగా చాపాలి. మన ఊళ్ళో దూరదర్శన్ కోసం డాబా మీద పెట్టిన యాంటెన్నాకి అంత పొడుగు పుల్లలు ఉండేది కూడా ఇందుకే. కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద 'వీహెచ్‌ఎఫ్' అని ఉందా అని చూడండి, పొడవాటి కడ్డీలు కళ్ళకి కనిపిస్తే ఇంకా మంచిది. '4కే యాంటెన్నా', '200 మైళ్ళ రేంజ్' లాంటి మాటలకి విలువ ఇవ్వకండి. భూమి వంపు వల్ల అరవై, డెబ్బై మైళ్ళు దాటితే సిగ్నల్ అందడమే కష్టం, ఏ యాంటెన్నా పెట్టినా అంతే.

కొనడానికి ముందే టవర్లు ఎటున్నాయో చూసుకోండి. టీవీ, రేడియో ప్రసారాలని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ మ్యాప్ ఉంది, మీ అడ్రస్ కొడితే ఏ ఛానెల్ ఎంత బలంగా వస్తుందో, ఏ దిక్కు నుంచి వస్తుందో చూపిస్తుంది. మన అదృష్టం ఏంటంటే డల్లాస్ పెద్ద స్టేషన్ల టవర్లు దాదాపు అన్నీ ఒక్కచోటే, నగరానికి నైరుతి వైపున్న సీడార్ హిల్‌లో ఉన్నాయి. ఇర్వింగ్ నుంచి 15 మైళ్ళు, ఫ్రిస్కో నుంచి దాదాపు 40. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్ళు దక్షిణానికి, కొంచెం పడమర మొగ్గుతో తిప్పితే సరిపోతుంది. ఇర్వింగ్‌లో అయితే 20, 30 డాలర్ల ఇండోర్ యాంటెన్నా చాలు. ఫ్రిస్కోలో ఉత్తరం వైపు బాల్కనీ ఉన్న ఫ్లాట్ అయితే కష్టపడాలి, అక్కడ ఎత్తు, కిటికీ దిక్కు రెండూ తేడా చూపిస్తాయి. ఇక్కడి కొత్త ఇళ్ళ కిటికీ అద్దాలకి ఎండ ఆపడానికి పల్చటి లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ని కూడా ఆపుతుంది. అందుకే ఒక్కోసారి కిటికీ కంటే పక్క గోడ మీదే బాగా వస్తుంది. అంటించే ముందు చేత్తో పట్టుకుని నాలుగు చోట్ల పెట్టి చూడండి.

ఇండియా నుంచి టీవీ తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి, ఇక్కడి ప్రసార పద్ధతి ఏటీఎస్‌సీ, మన టీవీల్లో ఆ ట్యూనర్ ఉండదు. ఇక్కడ కొన్న టీవీలో ఉంటుంది. మెనూలో 'కేబుల్' కాకుండా 'యాంటెన్నా' లేదా 'ఎయిర్' ఎంచుకుని స్కాన్ చేయాలి. యాంటెన్నా జరిపిన ప్రతిసారీ మళ్ళీ స్కాన్ చేయాలి, ఇది మర్చిపోయి యాంటెన్నా పాడైందనుకుని తిరిగి ఇచ్చేసేవాళ్ళు ఎంతమందో. డిజిటల్‌లో చుక్కలు చుక్కలుగా కనిపించడం ఉండదు, సిగ్నల్ కాస్త తగ్గితే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ మాత్రం ముందే కొనకండి. టవర్లకి దగ్గరగా ఉన్నవాళ్ళకి అది సిగ్నల్ మరీ ఎక్కువ చేసి ఉన్న ఛానెళ్ళు కూడా పోగొడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో టెన్షన్, బాల్కనీలో పెడితే లీజింగ్ ఆఫీసువాళ్ళు ఏమంటారో అని. మా మొదటి అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలో ఏదీ పెట్టకూడదని తలుపుకి కాగితం అంటించారు. 1996 నుంచి ఎఫ్‌సీసీ నియమం ఒకటి ఉంది, దాన్ని 'ఓటార్డ్' అంటారు. మీరు ఒక్కరే వాడుకునే బాల్కనీలో, పాటియోలో టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని ఇంటి ఓనరు గానీ, హెచ్‌ఓఏ అనే ఇళ్ళ యజమానుల సంఘం గానీ అడ్డుకోకూడదు. ఆ పేజీ ప్రింట్ తీసి మర్యాదగా ఇచ్చాను, మళ్ళీ అడగలేదు. అయితే గోడకి రంధ్రాలు వేసే హక్కు, అందరికీ చెందిన రూఫ్ మీద పెట్టే హక్కు దీంతో రావు. బరువైన స్టాండ్ మీద బాల్కనీ లోపలే నిలబెట్టుకోండి.

సొంత ఇల్లు కొన్నవాళ్ళకి అటకే మంచి చోటు, వానా గాలీ తగలవు. కానీ టెక్సస్‌లో చాలా ఇళ్ళకి రూఫ్ లోపలివైపు మెరిసే ఫాయిల్ అంటిస్తారు, అది ఉంటే అటకలో పెట్టి లాభం లేదు. ఎండాకాలంలో అటక ఎక్కకండి, చలికాలం పొద్దున్నే ఎక్కండి, చెక్క దూలాల మీదే అడుగు వేయండి, మధ్యలో ఉన్నది పల్చటి సీలింగ్ మాత్రమే, కాలు కిందికి దిగిపోతుంది. గదుల్లోకి వెళ్ళే పాత కేబుల్ వైర్లన్నీ చాలా ఇళ్ళలో ఒక పెట్టె దగ్గర కలుస్తాయి, యాంటెన్నా వైరు అక్కడికి తెచ్చి స్ప్లిటర్ పెడితే అన్ని టీవీలకీ వస్తుంది. ఇంటర్నెట్ మోడెమ్‌కి వెళ్ళే వైరుని మాత్రం దీంతో కలపకండి. రూఫ్ బయట పెట్టాలంటే గ్రౌండింగ్ తప్పనిసరి, కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే ఆ పని మీరు చేయకండి, తెలిసినవాళ్ళకి డబ్బు ఇచ్చి చేయించుకోండి.

నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం టోర్నడోలు. 2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి, ఉత్తర డల్లాస్ మీదుగా రిచర్డ్‌సన్ వరకు ఈఎఫ్3 టోర్నడో (5 వరకు ఉండే తీవ్రత కొలతలో 3) వెళ్ళింది, మనవాళ్ళు చాలామంది ఉండే చోటు అది. అలాంటప్పుడు ఇంటర్నెట్ పోయినా, కరెంటు ఉంటే యాంటెన్నా టీవీ నడుస్తూనే ఉంటుంది, వాతావరణం చెప్పేవాళ్ళు తుఫాను ఏ వీధి దాటుతోందో మ్యాప్‌లో చూపిస్తూ చెబుతారు. 'వాచ్' అంటే వచ్చే అవకాశం ఉందని, 'వార్నింగ్' అంటే టోర్నడో కనిపించిందని లేదా రాడార్‌లో పట్టుబడిందని, వెంటనే లోపలికి వెళ్ళాలని. తెర మీద ఊరి పేరు కంటే ముందు కౌంటీ పేరు వస్తుంది, కొత్తవాళ్ళకి అది తెలియక తమది కాదనుకుంటారు. ఫ్రిస్కోలో సగం కాలిన్ కౌంటీ, సగం డెంటన్ కౌంటీ. మీదేదో ఈరోజే చూసి కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి, కింది అంతస్తులో కిటికీలు లేని గదో బాత్రూమో ఏదో పిల్లలకీ, ఇంట్లో అమ్మానాన్న ఉంటే వాళ్ళకీ ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.