కాలువలకు నీళ్లు వదలకముందే సోక్ పిట్ చూసుకోండి

శ్రావణమాసం వచ్చేసరికి మా ఇంటి నూతిలో నీళ్లు చేంతాడుతో పని లేకుండా చెంబుతో ముంచుకునేంత పైకి వస్తాయి. మే నెలలో అదే నూతిలోకి తొంగి చూస్తే ఒరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. గోదావరి డెల్టాలో ఉండేవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ పెరట్లో నేల కింద ఉన్న సెప్టిక్ ట్యాంకునీ, దాని వెనక ట్యాంకు నీళ్లు నేలలో ఇంకడానికి తవ్విన సోక్ పిట్‌నీ కూడా ఆ ఊట నీళ్లే చుట్టుముడతాయని మనకి గుర్తుండదు. లెట్రిన్‌లో పోసిన నీళ్లు దిగక వెనక్కి తన్నినప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. చేయాల్సిన పనంతా కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లోనే, రోహిణి కార్తె దాటకముందే అయిపోవాలి.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు. లెట్రిన్ మాత్రం మూడు వారాలు పనిచేయలేదు. ట్యాంకు నిండిపోయిందనుకుని క్లీనింగ్ బండిని పిలిపించాం. వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. తెల్లారేసరికి ట్యాంకు మళ్లీ నిండా నీళ్లతో ఉంది. అవి మేం వాడిన నీళ్లు కావు, ఒరల అతుకుల్లోంచి వచ్చిన ఊట నీళ్లు. పట్టు వదలకుండా రెండోసారి లాగించాం. ఈసారి లోపల బరువు లేకపోవడంతో చుట్టూ ఉన్న నీళ్ల ఒత్తిడికి ఒక ఒర పక్కకి జరిగింది. బాగుచేయించడానికి నీళ్లు దిగేదాకా, సంక్రాంతి వెళ్లేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది మరొకరికి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉండాలి. బయటికి పోయే గొట్టం అడుగు మట్టం దాకా నీళ్లుంటేనే అది సరిగా పనిచేస్తున్నట్టు. లోపల బరువైనది అడుగున మడ్డిగా పేరుకుంటుంది, జిడ్డూ తేలికైనదీ పైన తెట్టు కడుతుంది, మధ్యలో ఉన్న కాస్త తేటనీరు గొట్టం గుండా సోక్ పిట్‌కి వెళ్లి మట్టిలో ఇంకుతుంది. మురికిని నిజంగా శుభ్రం చేసేది ఆ మట్టే. నీళ్లకీ గాలికీ చోటున్న పొడి మట్టిలో బతికే సూక్ష్మజీవులు రోగకారక క్రిములను చాలావరకు అడ్డుకుంటాయి. మట్టి పూర్తిగా నానిపోతే ఆ పని ఆగిపోతుంది, మురుగు నేరుగా ఊటలో కలిసిపోతుంది. అందుకే సోక్ పిట్ అడుగుకీ ఊట మట్టానికీ మధ్య సుమారు 2 మీటర్ల పొడి నేల ఉండాలంటారు. మన వైపు వానాకాలంలో చాలా ఊళ్లలో అంత పొడి నేల దొరకదు. కాబట్టి హైదరాబాద్‌లో కట్టినట్టే ఇక్కడా ఎనిమిది అడుగులు తవ్వి కంకర పోసి మూసేస్తే అది సోక్ పిట్ అవదు, ఇంకో నుయ్యి అవుతుంది.

తప్పు ఎక్కడుందో ఇలా తెలుస్తుంది

ఇంట్లో ఒక్క లెట్రిన్‌లోనే నీళ్లు దిగకపోతే ఆ గొట్టంలోనే ఏదో అడ్డుపడి ఉంటుంది. అన్నిచోట్లా దిగకపోతే ట్యాంకు మూత జరిపి, కాసేపు దూరంగా నిలబడి గాలి పోనిచ్చి, టార్చిలైటు వేసి చూడండి. అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానివ్వకండి, లోపల మీథేన్ ఉంటుంది. నీటి మట్టం బయటికి పోయే గొట్టం దగ్గరే మామూలుగా ఉంటే ఇంటికీ ట్యాంకుకీ మధ్య గొట్టం పూడుకుపోయినట్టు. నీళ్లు ఆ గొట్టాన్ని ముంచి పైకి వచ్చి ఉంటే ట్యాంకుది తప్పు కాదు, సోక్ పిట్ తీసుకోవడం లేదు. బండితో లాగించేటప్పుడు ఇంకో గుర్తు కనిపిస్తుంది. ట్యాంకు ఖాళీ అవుతుండగా బయటికి పోయే గొట్టంలోంచి నల్లటి నీళ్లు వెనక్కి వస్తే సోక్ పిట్ నిండిపోయి ఉన్నట్టే. ఈ ఒక్కటీ చూడకుండా బండివాళ్లని పంపించకండి. మనలో చాలామంది ఏటా డబ్బులిచ్చి ట్యాంకు లాగిస్తూ, అసలు జబ్బు ఉన్న సోక్ పిట్‌ని వదిలేస్తున్నారు.

బయట కనిపించే గుర్తులు కూడా ఉంటాయి. ఎండాకాలంలో పెరడంతా ఎండిపోయి ఒక్కచోటే గడ్డి పచ్చగా ఉండటం, అక్కడ అడుగేస్తే నేల మెత్తగా దిగడం, నీళ్లు పోసినప్పుడు గొట్టంలో గుడగుడ శబ్దం, పొద్దున్నే నూతి దగ్గర వాసన. ఇందులో ఏ రెండు కనిపించినా వానల దాకా ఆగొద్దు.

సోక్ పిట్ ఎందుకు చెడుతుంది? మడ్డి పేరుకుని పేరుకుని తేటనీటికి చోటు లేకపోతే, మడ్డే గొట్టం గుండా బయటికి పోయి మట్టి రంధ్రాల్ని జిగట పొరలాగా మూసేస్తుంది. ఒకసారి నల్లటి ఆ పొర మందంగా కట్టాక ఏ పొడీ, ఏ మందూ దాన్ని తీసెయ్యలేవు. బజార్లో దొరికే బ్యాక్టీరియా పొట్లాలు కొని పోసినా చెడిపోయిన సోక్ పిట్ బాగుపడదు. యాసిడ్ పోయడం ఇంకా చెడ్డది, ట్యాంకులో పనిచేసే క్రిముల్ని అది చంపేస్తుంది, సిమెంటునీ తినేస్తుంది.

కాబట్టి మడ్డి ఎంత ఉందో కొలవడం నేర్చుకోండి. పొడవాటి వెదురు కర్రకి పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, మూత దగ్గర వంగకుండా నిలబడి, అడుగు తగిలేదాకా దింపి రెండు మూడు నిమిషాలు ఉంచి నెమ్మదిగా తీయండి. తువ్వాలు మీద నల్లగా అంటిన ఎత్తే మడ్డి ఎత్తు. మడ్డీ తెట్టూ కలిసి ట్యాంకు లోతులో మూడో వంతుకి వస్తే ఆ వేసవిలోనే లాగించాలి. కొలవడం కుదరకపోతే రెండు మూడేళ్లకోసారి తప్పకుండా లాగించండి. ఆ సమయంలోనే బయటికి పోయే గొట్టానికి లోపల టీ ముక్క (ఇంగ్లీషు T ఆకారంలో ఉండే గొట్టం ముక్క) ఉందో లేదో చూడండి. తెట్టు బయటికి పోకుండా ఆపేది అదే. కొన్ని ఇళ్లలో మేస్త్రీలు అది పెట్టనే పెట్టరు. తక్కువ ఖర్చుతో పోయే పని అది, మర్చిపోతే సోక్ పిట్ మొత్తం పోతుంది.

ఇంట్లో నీళ్ల వాడకం మీద కూడా కాస్త దృష్టి పెట్టాలి. కారుతున్న ఫ్లష్ రాత్రంతా కారితే సోక్ పిట్‌కి ఊపిరి పీల్చుకునే సమయమే ఉండదు. వాషింగ్ మెషీన్ నీళ్లు, స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు అన్నీ ట్యాంకులోకే వదిలిన ఇళ్లు ముందుగా చెడుతున్నాయి. చోటున్నవాళ్లు స్నానాల నీళ్లు వేరుచేసి అరటి చెట్ల పాదుల్లోకి మళ్లిస్తే ట్యాంకుకి సగం బరువు తగ్గుతుంది. చేపలు, కూరలు కడిగిన వంటింటి నీళ్లకి జిడ్డు ఆపే చిన్న తొట్టి ఒకటి కట్టి వారానికోసారి తెట్టు తీసేయండి. ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు లెట్రిన్‌లో వేయొద్దని ఇంటికి వచ్చే చుట్టాలకి కూడా మొహమాటం లేకుండా చెప్పండి. సంక్రాంతికి ఇంటినిండా జనం ఉన్నప్పుడు వాడకం రెండు మూడింతలవుతుంది, ఆ పది రోజుల్లో దెబ్బతిన్న సోక్ పిట్‌లు నాకు తెలిసినవే నాలుగున్నాయి.

డాబా మీద వాన నీళ్లు సోక్ పిట్‌లోకి రానివ్వకండి. వాన నీటి ఇంకుడు గుంత వేరు, ఇది వేరు. రెండూ ఒక్కటే అనుకుని గొట్టాలు కలిపేసిన ఇళ్లు చూశాను. ట్రాక్టరు, కారు దాని మీదుగా పోనివ్వకండి. కొబ్బరి చెట్టు వేళ్లు గొట్టాల అతుకుల్ని వెతుక్కుంటూ వస్తాయి, కొత్త మొక్కల్ని దూరంగా నాటుకోండి.

చెడిపోయిందని తేలితే

మొదటి పని నీళ్లు తగ్గించి, ట్యాంకు లాగించి, సోక్ పిట్‌ని కొన్ని నెలలు ఆరనివ్వడం. దీనికి రెండో సోక్ పిట్ ఉండాలి. చోటు ఉంటే రెండు కట్టుకుని మధ్యలో మళ్లింపు పెట్టె పెట్టి ఏడాదికి ఒకదాన్ని మార్చి వాడండి. స్వచ్ఛ భారత్ కింద కట్టిన రెండు గుంతల మరుగుదొడ్లకీ ఇదే సూత్రం. చాలా ఇళ్లలో రెండింటిలోకీ ఒకేసారి వదులుతున్నారు. అలా చేస్తే రెండో గుంత కట్టిన ప్రయోజనమే పోతుంది. నిండిన గుంతని ఏడాదికి తక్కువ కాకుండా మూసి ఉంచాలి. మన తడి నేలల్లో రెండేళ్లు మేలు.

కొత్తది కట్టే ముందు నేల నీళ్లు తాగుతుందో లేదో చూసుకోండి. అనుకున్న లోతులో చిన్న గుంత తవ్వి, ముందు రోజు నీళ్లతో బాగా నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి ఎంతసేపట్లో ఒక అంగుళం దిగుతుందో చూడాలి. తీరం దగ్గర ఇసుక నేలల్లో చూస్తుండగానే దిగిపోతుంది, అక్కడ భయం నూతికే. బంకమట్టి ఊళ్లలో గంట దాటినా అంగుళం దిగకపోతే ఆ నేలకి సోక్ పిట్ పనికిరాదు. అలాంటి చోట ట్యాంకు తర్వాత కంకర నింపిన ఫిల్టరు గది ఒకటి కట్టి, నీళ్లు కింద నుంచి పైకి వచ్చేలా చేసి, ఆ తర్వాత నేల కంటే ఎత్తులో ఇసుక దిబ్బ పోసి అందులోకి గొట్టాలతో పంచడం మేలు. దిబ్బ మీద మెట్టతామర వేస్తే కొంత నీటిని అది తాగేస్తుంది. ఎత్తులోకి ఎక్కాలి కాబట్టి చిన్న మోటారు కావాలి, లేదా ఇల్లు కట్టేటప్పుడే లెట్రిన్‌ని మెరక మీద పెట్టుకోవాలి. కొత్తగా పునాదులు తీస్తున్నవాళ్లు దీన్ని ఇప్పుడే ఆలోచించండి, తర్వాత అయితే ఖర్చు ఎన్నో రెట్లు. నూతికీ బోరుకీ కనీసం 60 అడుగుల దూరం ఉంచండి. మీ స్థలంలో కుదిరినా పక్కింటివాళ్ల నుయ్యి గోడ అవతలే ఉందేమో చూసి, వాళ్లతో మాట్లాడుకోండి.

గొట్టం ఒకటి వేసి వీధి కాలువలోకో పంట బోదెలోకో వదిలేయడం మాత్రం చేయకండి. మన డెల్టాలో కాలువ నీళ్లే చెరువుల్లోకి ఎక్కి మంచినీళ్లుగా ఇళ్లకి వస్తాయి. క్లీనింగ్ బండివాళ్లని కూడా ఎక్కడ పారబోస్తారో ముందే అడగండి. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లకి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి. రాత్రిపూట వచ్చి తక్కువకి చేస్తామనేవాళ్లు ఏ మురుగు కోడులో వదులుతారో మీకూ తెలుసు.

మనిషిని లోపలికి దింపొద్దు

ఎవరు ఎంత ధైర్యం చెప్పినా, ట్యాంకు ఖాళీగా కనిపించినా, ఎవర్నీ లోపలికి దించకండి. మడ్డి కదిలిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కుకి వాసన కూడా తెలియదు, క్షణాల్లో స్పృహ పోతుంది. అతన్ని కాపాడదామని రెండో మనిషి దిగుతాడు, అతని కోసం మూడో మనిషి. ఇలా ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి ప్రమాదకరంగా శుభ్రం చేయించడం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇలాంటి మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ట్యాంకులోకి దిగే ఆ అన్నకి ఇంట్లో పిల్లలుంటారు. బండి గొట్టం అందని మడ్డి మిగిలితే మిగలనివ్వండి. ఎవరైనా పొరపాటున పడిపోతే దిగకుండా తాడు వేసి, 108కి, 101కి ఫోన్ చేయండి.

వరద వచ్చాక

ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకల్లోనూ ఏటిగట్టు పక్కనా ఉండేవాళ్లు అప్పటికే మూతల అంచులు సిమెంటుతోనో బంకమట్టితోనో మూసేసి, లెట్రిన్ నోట్లో ఇసుక నింపిన గోనెసంచి పెట్టడానికి సిద్ధంగా ఉంచుకోవాలి. వరద ఉన్నన్నాళ్లూ ట్యాంకు లాగించకండి, మా ఒర జరిగింది అందుకే. వాడకం వీలైనంత తగ్గించండి, స్నానాల నీళ్లు బయటికే మళ్లించండి. ఎర్ర నీళ్లు తీశాక కూడా ఊట దిగడానికి వారాలు పడుతుంది. నూతిలో మట్టం ఎంతుందో రోజూ చూసుకుంటూ, అది ట్యాంకు అడుగు కంటే కిందికి వెళ్లాకే బండిని పిలవండి.

నూతి నీళ్లు అప్పటిదాకా తాగొద్దు. వరద నీళ్లు పడిన నుయ్యి తోడించి, బ్లీచింగ్ వేయించి, పరీక్ష చేయించాకే వాడండి. ఆలోగా ఏ నీళ్లైనా బాగా మరిగించి చల్లార్చి తాగండి, పిల్లలకి మరీ ముఖ్యం.

దోమల సంగతి కూడా చెప్పాలి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమలు ఇష్టంగా గుడ్లు పెట్టేది ఈ మురుగు నీళ్లలోనే. ఆ జబ్బు బాధ మన జిల్లాలకి తెలియనిది కాదు. గాలి గొట్టం చివర నైలాన్ వల కట్టండి, మూత పగిలితే ఆ రోజే అతికించండి. ఇది పది నిమిషాల పని, ఏడాదికోసారి వల మారిస్తే చాలు.

ట్యాంకు మూత ఎక్కడుందో, సోక్ పిట్ ఎక్కడుందో, ఆఖరుసారి ఎప్పుడు లాగించారో పెరటి గోడ మీద రంగుతో రాసి ఉంచండి. వరద వదిలిన ఒండ్రు కింద మూతలు కనపడవు, మా ఇంట్లో ఆ గీతలు చూసుకునే తవ్వాం.