ముందు టాంకీ చూడు

పడవ ఇంజను నీళ్ళ నడిమధ్యన ఆగిపోతే అందరి చెయ్యీ మొదట స్టార్టింగ్ తాడు మీదికే పోతుంది. భుజం పట్టేసేదాకా లాగుతారు. తర్వాత స్క్రూడ్రైవరు తీసి కార్బురేటర్ విప్పుతారు. నేనూ అదే చేశాను. రాణిగంజ్‌లో స్కూటర్లు బాగుచేసుకునే నన్ను, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలప్పుడు వెంట తిరిగే రెస్క్యూ బోట్ల ఇంజన్లు చూడమన్నారు. టూ స్ట్రోకే కదా, చేతక్ స్కూటర్‌లో లేనిది ఇందులో ఏముంటుందిలే అనుకున్నాను. జూలై గాలిలో, బుద్ధుడి విగ్రహం దాటాక ఇంజను ఆగింది. ఊగే పడవలో కూర్చుని గంటన్నర పాటు కార్బురేటర్ విప్పి, పెట్రోలు వెళ్ళే సన్న కన్నమున్న జెట్టు ఊది, బిగించాను. స్టార్టయింది. కాసేపు నడిచి మళ్ళీ ఆగింది. ఇంకో బోటు ఒడ్డుకు లాక్కొచ్చింది. మా ఉస్తాద్ వచ్చి టాంకీ మూత మీదున్న చిన్న స్క్రూ ఒక చుట్టు వదులు చేశాడు. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. "పహలే టాంకీ దేఖ్ రే" అని, నన్ను చాయ్ తెమ్మన్నాడు.

ఆ స్క్రూ గాలి కోసం. టాంకీలోంచి పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ మేరకు గాలి లోపలికి రావాలి. రాకపోతే కాసేపటికి పంపు ఎంత పీల్చినా చుక్క రాదు. బండి మీద టాంకీ తీసుకెళ్ళేటప్పుడు దాన్ని బిగిస్తాం, పడవలో పెట్టాక వదులు చెయ్యడం మర్చిపోతాం. అందుకే నేను చెప్పే వరస ఇది: టాంకీ, పైపు, పైపు మధ్యలో నొక్కే రబ్బరు బల్బు, ఫిల్టరు, పంపు, అన్నిటికన్నా చివర కార్బురేటర్.

చెయ్యి పెట్టే ముందు రెండు మాటలు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున పేరుకుని ఉంటుంది, కంటికి కనబడదు. బీడీ, సిగరెట్టు ఒడ్డునే పారేయండి, బ్యాటరీ ఉంటే వైరు విప్పండి. రెండోది, ఒడ్డు మీద ఇంజనును నీళ్ళు లేకుండా నడపొద్దు. ఇంజను కాలు, అంటే ప్రొపెల్లరుండే కింది భాగం, నీళ్ళ డ్రమ్ములో మునగాలి, లేదా అది నీళ్ళు పీల్చే చోట హోసు పైపు మఫ్ (నీళ్ళు పట్టే రబ్బరు కప్పు) తగిలించాలి. లేకపోతే నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ మాడిపోతుంది. పెట్రోలు జబ్బు కోసం వచ్చినవాడు కూలింగ్ జబ్బు కొని తెచ్చుకున్నట్టవుతుంది.

ఇక జబ్బు పెట్రోలుదేనా కాదా? చోక్ వేసి ఏడెనిమిది సార్లు తాడు లాగి ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, ఈ వరసలో ముందుకు పొండి. తడిగా, వాసన కొడుతూ ఉంటే పెట్రోలు వస్తోంది. అప్పుడు కరెంటు చూడాలి, లేదా ఓవర్‌ఫ్లో సంగతి చూడాలి. అన్నట్టు, ఇంజను ఆపే కిల్ స్విచ్చు క్లిప్పు ఊడిపోయి ఉందేమో కూడా చూడండి. అది చూడకుండా సగం రోజు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

టాంకీ అడుగు నుంచి కొంచెం పెట్రోలు మూతున్న గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదలకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనబడితే నీళ్ళు చేరినట్టే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పడవ వెనక తగిలించే ఇలాంటి ఔట్‌బోర్డు ఇంజన్ల మాన్యువళ్ళు చాలావరకు 10 శాతం మించొద్దంటాయి. ఇథనాల్ నీళ్ళను పీల్చుకుంటుంది. కొంతవరకు కలుపుకుని తిరుగుతుంది, ఆ హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. టూ స్ట్రోకులో ఇది ఇంకా ప్రమాదం. మనం కలిపిన ఆయిలు పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది, పైపేమో అడుగు నుంచి పీలుస్తుంది. ఆయిలు లేని ఆ నీళ్ళకల్లు తాగి పిస్టను పట్టేస్తుంది. అలాంటి టాంకీలో కొత్త పెట్రోలు పోసి కలిపేస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. మొత్తం డబ్బాలోకి తీసెయ్యాలి. చెరువులో మాత్రం పారబొయ్యకండి, దాని కష్టాలు దానికి చాలు.

ఒక వానాకాలం టాంకీలన్నీ ఆరుబయట వదిలేశాం. మూత చుట్టూ ఉన్న గుంటలో వాననీళ్ళు నిలిచాయి. మూత తియ్యగానే అవన్నీ లోపలికే. అప్పట్నుంచీ మూత తీసే ముందు గుడ్డతో తుడవడం నాకు అలవాటయింది.

ఆయిలు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల టాంకీకి 480. అన్ని ఇంజన్లకూ ఒకటే లెక్క కాదు, మీ ఇంజను పుస్తకంలో ఏముంటే అది. ఫోర్ స్ట్రోకు అయితే పెట్రోలులో ఆయిలు కలపనే కూడదు.

ఇప్పుడు బల్బు. టాంకీకీ ఇంజనుకూ మధ్య పైపులో ఉండే ఆ రబ్బరు బుర్రను నాడి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. ఒకసారి మా కుర్రాడు పైపు మార్చి బల్బును తిరగేసి బిగించాడు. కొత్త పైపు, కొత్త క్లిప్పులు, చుక్క పెట్రోలు రాదు! బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని నొక్కండి. నాలుగైదు నొక్కులకు గట్టిపడాలి. నొక్కాక అప్పడంలా అణిగిపోయి మళ్ళీ ఉబ్బకపోతే అడ్డు టాంకీ వైపు ఉంది: గాలి స్క్రూ మూసి ఉండొచ్చు, లోపలి పీల్చే గొట్టం చివర జాలీకి చెత్త పట్టి ఉండొచ్చు. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు వాల్వు పోయింది, లేదా కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ మూసుకోక పెట్రోలు పొంగి పోతోంది. పొంగితే వాసనే చెబుతుంది.

దీనికన్నా పెద్ద పరీక్ష నీళ్ళ మీద ఉంటుంది. రేస్ ఇచ్చినప్పుడు ఇంజను నీరసపడుతుంటే పక్కనున్నవాణ్ణి బల్బు నొక్కుతూ ఉండమనండి. నొక్కినంతసేపూ బాగా పరిగెత్తి, ఆపగానే పడిపోతే ఇంజను పంపు సరిగా తోడడం లేదు, లేదా పైపులోకి గాలి దూరుతోంది. తేల్చడానికి సులువైన దారి, బాగా నడుస్తున్న పడవ నుంచి టాంకీ, పైపు రెండూ తెచ్చి తగిలించడమే. బాగుపడితే తప్పు మీ టాంకీలోనో పైపులోనో ఉంది. ఇంజను కవరు విప్పే పనే లేదు.

గాలి దూరేది ఎక్కువగా కనెక్టర్ దగ్గరే, లోపల ఓరింగు అనే చిన్న రబ్బరు రింగు ఉంటుంది, చిట్లుతుంది. రాణిగంజ్‌లో ఏ పైపైనా దొరుకుతుంది, కానీ పెట్రోలు పైపే అడగండి. చవకని తోట పైపు వేస్తే నాలుగు నెలల్లో లోపలి పొర ఊడి వచ్చి ఫిల్టరులో కూర్చుంటుంది.

ఫిల్టరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నీళ్ళు గానీ చెత్త గానీ కనబడితే గిన్నె కడగండి, కాగితం ఫిల్టరయితే మార్చండి.

పంపులో డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. టూ స్ట్రోకులో క్రాంక్ కేసు ఒత్తిడి హెచ్చుతగ్గులకు అదే కొట్టుకుంటూ పెట్రోలు తోడుతుంది. చిల్లు పడితే పెట్రోలు నేరుగా ఇంజనులోకి పోతుంది, పొగ పెరుగుతుంది. ఫోర్ స్ట్రోకులో పంపు పోతే పెట్రోలు ఆయిలులోకి చేరొచ్చు. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిలు మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఆ ఇంజను ఇక నడపొద్దు. పంపు కిట్ మార్చి, ఆయిలూ మార్చాకే స్టార్ట్ చెయ్యండి.

ఇన్నీ అయ్యాకే కార్బురేటర్. స్లోలో ఆగిపోయి రేసులో బాగుంటే పైలట్ జెట్టు మీద అనుమానం. స్లోలో బాగుండి రేసులో చచ్చిపోతే మెయిన్ జెట్టు, కానీ దానికి ముందు పైన చెప్పినవన్నీ చూసి ఉండాలి. జెట్టులో తీగ గుచ్చొద్దు. ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదైపోతుంది. క్లీనరు కొట్టి, నానబెట్టి, కంప్రెసర్ గాలి పెట్టండి. కార్బురేటర్ లేని ఈఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్) ఇంజనయితే పెట్రోలు లైన్లలో ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, ఇంట్లో విప్పే పని పెట్టుకోకండి.

ఎండాకాలం ఇంకో తంటా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మూత, గాలి స్క్రూ బిగించిన టాంకీ ఎండలో ఉబ్బుతుంది. పైపు తగిలించే ఉంటే ఆ ఒత్తిడి పెట్రోలును ఇంజనులోకి తోసేస్తుంది. అందుకని పడవ దిగేటప్పుడు కనెక్టర్ ఊడదియ్యండి, టాంకీని నీడలో పెట్టండి. మళ్ళీ తగిలించే ముందు గాలి స్క్రూ వదులు చేసి ఆ సుయ్యి బయటికి పోనివ్వండి.

నెలలపాటు మూలన పెట్టే కార్బురేటర్ ఇంజనయితే, డ్రమ్ములో నడుపుతూ పైపు ఊడదీసి, దానంతటది ఆగేదాకా వదిలెయ్యండి. తర్వాత కార్బురేటర్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన పెట్రోలు గుడ్డలోకి దింపండి. పెట్రోలు ఎండిపోతే బంకలా మిగిలేది అక్కడే.