బోరు నీళ్ల ఇంట్లో సమస్య - పరిష్కారం: నల్లా నుంచి కూలర్ దాకా

కొత్త నల్లా బిగించి ఆరు నెలలు కాకముందే దాని మీద తెల్లటి పొర కడితే ముందు కంపెనీని తిడతారు, ఆ తర్వాత ప్లంబర్‌ను. నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లల్లో చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు. ఇక్కడ నేల కింద ఎక్కువగా ఉన్నది గట్టి గ్రానైట్. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే బోరులోంచి పైకొస్తాయి, వాటితోపాటే కరిగిన సున్నం, మెగ్నీషియం వస్తాయి. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం ఈ కరిగిన సున్నం, మెగ్నీషియం లెక్క, అంటే నీళ్ల కాఠిన్యం, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చు. పప్పు ఎంతసేపటికీ ఉడకక, టీ మీద పలచని పొర తేలుతూ, నీళ్లు కాచిన గిన్నె అడుగు తెల్లబడుతుంటే ల్యాబుకు పోకముందే సంగతి తెలిసిపోయినట్టే.

ఇలాంటి ఇంట్లో అన్నిటికంటే అక్కరకొచ్చే సరుకు కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. అన్నిటికంటే నష్టం చేసేది బాత్రూం కడగడానికి తెచ్చే సీసా యాసిడ్. రెండూ సున్నాన్ని కరిగించేవే. కాకపోతే నిమ్మ ఉప్పు మెల్లగా పనిచేస్తుంది, సీసా యాసిడ్ నల్లా మీది మెరుగును, టైల్స్ మధ్య సిమెంటును, కింద బండను కూడా తింటుంది. కొలత గుర్తుంచుకోండి: లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సుమారు పది టీస్పూన్లు. సలసల కాగే నీళ్లు మాత్రం వద్దు. వేడి మరీ ఎక్కువైతే కరిగిన సున్నమే సిట్రేట్‌గా మారి మళ్లీ తెల్లగా అంటుకుంటుంది, అప్పుడు దాన్ని వదిలించడం ఇంకా కష్టం.

ఇంకొక్క మాట. హార్పిక్ లాంటి యాసిడ్ ఉన్న క్లీనర్‌నూ, బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే రోజు ఒకే బాత్రూంలో వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

నల్లా ధార సన్నబడింది, లేదా పక్కలకు చిమ్ముతోంది

ముందు పక్క నల్లా తిప్పి చూడండి. అదీ సన్నగానే వస్తే ట్యాంకు నుంచి వచ్చే పైపులో లోపం ఉంది. ఇదొక్కటే సన్నగా వస్తే మూతి దగ్గరుండే జాలి మూసుకుపోయింది. జాలిని చేత్తో తిప్పి ఊడదీయండి; రాకపోతే గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో తిప్పండి, ఉత్త ప్లేయర్ పెడితే మెరుగు గీసుకుపోతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. షవర్ ఊడి రాకపోతే ఆ నీళ్లనే ప్లాస్టిక్ కవర్‌లో పోసి, షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి గంట ఆగండి. షవర్ రంధ్రాల్లో సూది పెట్టి కెలకడం చాలామంది చేసే పని. దాంతో రంధ్రం వంకరై నీళ్లు గోడకు కొడతాయి.

జాలిలో తెల్ల పెళ్లలు కాకుండా ఇసుక కనిపిస్తే అది సున్నం గొడవ కాదు, బోరు ఇసుక తోడుతోంది. ట్యాంకు అడుగు కడిగించేదాకా జాలి ఎన్నిసార్లు కడిగినా అంతే.

నల్లా కట్టేసినా బొట్లు బొట్లు కారుతోంది

మూడు నాలుగు చుట్లు తిప్పే పాత రకమైతే లోపల రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది. ఇంటికి నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి, పైన స్పిండిల్ విప్పి వాషర్ మార్చాలి. మార్చే ముందు వాషర్ కూర్చునే అంచు మీద వేలు పెట్టి చూడండి, సున్నం గరుకు తగిలితే ముందు దాన్ని తీయాలి. లేకపోతే కొత్త వాషర్ కూడా ఆ గరుకుకు నెలలో కోసుకుపోతుంది. పావు చుట్టు తిప్పే కొత్త రకంలో వాషర్ ఉండదు, రెండు సిరామిక్ బిళ్లలు ఉంటాయి. ఇసుక రేణువు వాటి మధ్య గీత పెట్టిందంటే బాగుచేయడమంటూ లేదు, కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే. గట్టిగా బిగిస్తే ఆగుతుందేమోనని బలం పెడితే పిడి విరుగుతుంది.

కొనేవాళ్లకు చెప్పాలంటే, బట్టలుతికే బండ దగ్గర, సంపు దగ్గర, వాకిట్లో చవక మెరుగు నల్లాలు దండగ. లోపల ఇత్తడి కాని నల్లాకు ఎంత మెరుగు వేసినా బోరు నీళ్లకు పొట్టు లేస్తుంది. అలాంటిచోట తెల్ల ప్లాస్టిక్ నల్లాయే మేలు. అందం లేదు, చిలుమూ లేదు. బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు ఎనిమిది పది చుట్లు, మర తిరిగే దిక్కుకే చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే బిగిస్తుంటేనే ఊడొస్తుంది.

గీజరు నీళ్లు సరిగా వేడెక్కడం లేదు

ఇక్కడ తొందరపడి మెకానిక్‌ను పిలవడం కంటే గడియారం పట్టుకుని కూర్చోవడం నయం. 2000 వాట్ల, 15 లీటర్ల గీజరు 25 డిగ్రీల నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. స్విచ్ వేసి లైటు చూడండి.

లైటు వెలుగుతూనే ఉండి అరగంట పడితే సున్నం మీద నింద వేయకండి. రాడ్ మీద సున్నం కట్టినా అది తీసుకునే కరెంటు అంతే, ఆ వేడి చివరికి నీళ్లలోకే పోతుంది. తగ్గింది వోల్టేజి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే రాడ్ 190 వోల్టులకు 1365 వాట్లే ఇస్తుంది, 18 నిమిషాల పని 27 నిమిషాలవుతుంది. అందరూ ఒకేసారి మోటర్లు, గీజర్లు వేసే పొద్దుటి పూట ఇది మామూలే. గీజరు మార్చినా మారదు, వేళ మార్చుకుంటే మారుతుంది.

లైటు పది నిమిషాలకే ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగానే ఉంటే, అప్పుడు అనుమానం సున్నం మీద. రాడ్‌కూ థర్మోస్టాట్ గొట్టానికీ కలిపి పెంకు కట్టి ఉంటుంది. రాడ్ వేడి ఆ పెంకు గుండా నేరుగా థర్మోస్టాట్‌కు తగిలి, నీళ్లు కాగకముందే అది కట్ చేస్తుంది. గీజరు లోపల టపటపమని గింజలు వేగినట్టు చప్పుడొస్తే ఇక సందేహం అక్కర్లేదు. పెంకు సందుల్లో చిక్కిన నీళ్లు ఆవిరై పేలుతున్న చప్పుడది. నీళ్లు అందక రాడ్ లోపలే ఎర్రగా కాలి, ఒకరోజు చీలుతుంది. అప్పుడు ఎర్త్ సరిగా లేని ఇంట్లో షాక్ కొడుతుంది.

సున్నం తీయడం ఇలా. ఎంసీబీ (బోర్డులో కరెంటు కట్ చేసే స్విచ్) దించండి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకోండి. నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి, వేడి నల్లా తెరిచి, సేఫ్టీ వాల్వ్ పిడి ఎత్తి లోపలి నీళ్లు దించండి. వైర్లు విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అడుగున గుండ్రటి ప్లేటు నట్లు విప్పితే రాడ్, థర్మోస్టాట్ గొట్టం, ఆనోడ్ రాడ్ చాలా మోడళ్లలో కలిసే బయటికొస్తాయి. పెంకును సుత్తితో కొట్టొద్దు, రాడ్ పైతొడుగు పగులుతుంది. వైర్లు తగిలించే తల తడవకుండా రాడ్ వరకే నిమ్మ ఉప్పు నీళ్లలో దించండి. బుస్సుమని నురగ వస్తుంది. నురగ ఆగితే నీళ్లు మార్చండి, మందంగా ఉంటే రెండు మూడు సార్లు పడుతుంది. ట్యాంకు అడుగున రాలిన పెళ్లలను చేత్తో తీసేయండి, ఒక్కోసారి దోసిళ్లకొద్దీ వస్తాయి.

ఆనోడ్ రాడ్ సంగతి చాలామందికి తెలియదు. అది మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను తినబడుతుంది. లోపలి ఇనుప తీగ బయటపడి, అక్కడక్కడ ముక్కలే మిగిలితే వెంటనే మార్చాలి. మన నీళ్లకు ఏడాదికోసారి విప్పి చూడటం అవసరం. కొన్నవాళ్లు ఎక్కువమంది ట్యాంకు కారిన రోజే దాని పేరు వింటారు. ట్యాంకు కారాక ఎం-సీల్ పెట్టడం ఉత్త పని, నీళ్ల ఒత్తిడికి నిలవదు.

బిగించేటప్పుడు రబ్బరు గాస్కెట్ కొత్తది వేయండి. ముందు నీళ్లు నింపి, వేడి నల్లాలో గాలి బుసలు పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే కొత్త రాడ్ నిమిషాల్లో పోతుంది. థర్మోస్టాట్‌ను 50, 55 మధ్య పెట్టండి. నీళ్లు ఎంత కాగితే సున్నం అంత విడుతుంది.

కొత్తది కొనేటప్పుడు రాగి రాడ్ కంటే ఇంకోలాయ్ (నికెల్, ఇనుము, క్రోమియం కలిసిన లోహం) రాడ్ ఉన్నది అడగండి. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ అయితే ప్లగ్ తీసి, చల్లారాక అదే నిమ్మ ఉప్పు నీళ్లలో పెట్టొచ్చు. బకెట్ తాకితే జిమ్మని తగిలిందంటే ఆ రాడ్ పని అయిపోయింది, బాగు చేయించొద్దు.

షాబాద్ బండలు కళ తప్పి తెల్లబడ్డాయి

షాబాద్ బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయే. వాటి మీద యాసిడ్ పోస్తే పైకొచ్చే నురగ మురికి కాదు, కరుగుతున్న బండ. ఒక్కసారి పోసినా నునుపు పోయి గరుకవుతుంది, ఆ గరుకులో మురికి ఇంకా తొందరగా నిలుస్తుంది, మళ్లీ యాసిడ్ పోస్తారు. అలా పోయిన నునుపు కడిగితే రాదు, మెషిన్ పాలిష్ పెట్టించాలి. నిమ్మ ఉప్పు కూడా ఈ బండల మీద పనికిరాదు. మీ ఇంట్లోది ఏ రాయో తెలియకపోతే మూలన కనపడనిచోట నిమ్మరసం రెండు చుక్కలు వేయండి. నురగ వస్తే సున్నపురాయి. గ్రానైట్‌కు రాదు. మొజాయిక్ గచ్చులో పాలరాతి చిప్స్ ఉంటాయి కాబట్టి దానికీ ఇదే జాగ్రత్త. ఈ నేలలకు బకెట్ నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా, గట్టి బ్రష్ సరిపోతాయి.

టైల్స్ మీద తెల్ల చారలకు నిమ్మ ఉప్పు నీళ్లు పావుగంట ఉంచి కడిగేయండి, సందుల్లో నిలవనీయొద్దు. ఆ సందులు సిమెంటువి. యాసిడ్‌తో అవి గుల్లబారితే నీళ్లు కిందికి దిగి, అవతలి గది గోడకు చౌడు పడుతుంది. పెయింటు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. ఆ గోడకు పుట్టీ పెట్టి రంగేస్తే ఒక్క వానాకాలం నిలవదు. ముందు బాత్రూం సందులు నింపించాలి, చౌడు ప్లాస్టర్‌ను మరక అంచు దాటి జానెడు పైదాకా చెక్కించాలి, ఎండాకాలమంతా గోడను ఆరనివ్వాలి. రంగు ఆ తర్వాత.

సబ్బు నురగ రాదు, తెల్ల బట్టలు మాసినట్టే ఉంటాయి

బట్టల సబ్బు బిళ్ల కాఠిన్యం ఉన్న నీళ్లలో జిడ్డు తెట్టెగా మారి బట్టకే అంటుకుంటుంది. సబ్బు ఎంత ఎక్కువ రాస్తే బట్ట అంత నల్లబడుతుంది. పది లీటర్ల నీళ్లకు పెద్ద చెంచాడు చాకలి సోడా ముందు కలిపి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత డిటర్జెంట్ పౌడర్ వేయండి. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలనీయొద్దు. పసుపు, గోధుమరంగు మరకలు పడుతుంటే అది నీళ్లలోని ఇనుము. దానికి బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే పోతుంది.

ఆర్వో ఫిల్టర్ చుక్కలు చుక్కలుగా పోస్తోంది

వ్యర్థం పైపు చూడండి. దాంట్లో నీళ్లు జోరుగా పోతూ మంచినీళ్లు మాత్రం చుక్కలుగా వస్తే ఎక్కువసార్లు లోపల ఉప్పును వడకట్టే పొరకు, అంటే మెంబ్రేన్‌కు, సున్నం పట్టి ఉంటుంది. రెండు వైపులా సన్నగా వస్తే బయటి తెల్ల కాండిల్ గానీ, పంపు గానీ. కాండిల్ గోధుమరంగుకు తిరిగితే నెలల లెక్క చూడకుండా మార్చేయండి, మెంబ్రేన్ కంటే అదెంతో చవక. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పుల లెక్క), ఫిల్టర్ నీళ్ల టీడీఎస్ దగ్గరదగ్గరగా ఉంటే చాలాసార్లు మెంబ్రేన్ పాడైనట్టే.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగే ఇంట్లో టీడీఎస్ 500 లోపు ఉంటే ఆర్వో కొనడం అనవసరపు ఖర్చు, మామూలు యూవీ ఫిల్టర్ చాలు. బోరు నీళ్లే తాగాల్సిన చోట మాత్రం అడగాల్సింది టీడీఎస్ కాదు, ఫ్లోరైడ్. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. టీడీఎస్ మీటరు దాన్ని చూపదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కుండలో పటిక తిప్పితే బురద దిగుతుందే తప్ప ఫ్లోరైడ్ దిగదు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ టెక్నిక్ అనే ఫ్లోరైడ్ తీసే పద్ధతిలో కూడా పటిక, సున్నం నీటి పరీక్షను బట్టి లెక్కగట్టి వేస్తారు.

కూలర్ గాలి చల్లగా రావడం లేదు

నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. రోజూ పైన పోస్తూ పోతే వారానికి అది ఉప్పు మడి. మూడు నాలుగు రోజులకోసారి అడుగు బిరడా తీసి మొత్తం వదిలేసి కొత్త నీళ్లు పట్టాలి. పంపు మూలుగుతూ తిరగకపోతే ప్లగ్ తీసి, కింద మూత విప్పి, రెక్కల చక్రాన్ని నిమ్మ ఉప్పు నీళ్లలో గంట పెట్టండి. పై గొట్టం రంధ్రాలు మూసుకుపోతే గడ్డి ఒకచోట తడిసి ఒకచోట పొడిగా ఉంటుంది, వేడిగాలి ఆ పొడిచోటు నుంచే వస్తుంది. హనీకోంబ్ ప్యాడ్లు సప్పటి నీళ్ల ఊళ్లకు బాగుంటాయి. బోరు నీళ్లకు వాటి గూళ్లు సున్నంతో పూడుకుపోతాయి, కొత్తవి కొనాలంటే ఖర్చు. ఇక్కడ కూలర్ గడ్డే నయం: మార్చిలో వేసి, జూన్‌లో వానలు పడ్డాక తీసి పారేయొచ్చు.