నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లేవారు అడవికి భారం కాకుండా ప్రయాణించడం ఎలా

శ్రీశైలం వెళ్లే భక్తులలో చాలామంది తాము పులుల అభయారణ్యంలో అడుగుపెడుతున్నామని అనుకోరు. మల్లన్న దర్శనానికి వెళుతున్నామనీ, దారిలో అడవి వస్తుందనీ మాత్రమే అనుకుంటారు. కానీ హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారు మన్ననూరు దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి, మార్కాపురం వైపు నుంచి వచ్చేవారు దోర్నాల దాటగానే నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లోకి ప్రవేశిస్తారు. 2014లో రాష్ట్రం విడిపోయేదాకా ఈ రెండూ ఒకటే. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వైపు మిగిలిన భాగమే నేటికీ దేశంలోని టైగర్ రిజర్వులన్నిటిలోకీ విస్తీర్ణంలో పెద్దది. సఫారీ జీపు ఎక్కి పులిని చూడాలని వచ్చేవారు ఇక్కడ కొద్దిమందే. అడవి మీద అసలు ఒత్తిడి, నా అంచనాలో, తాము పర్యాటకులమన్న ఎరుకే లేకుండా తారురోడ్డు మీద సాగిపోయేవారి వల్లనే కలుగుతోంది. కాబట్టి ఈ సూచనలు ముందుగా వారి కోసమే.

మొదట బయలుదేరే వేళను నిర్ణయించుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు అటవీ చెక్‌పోస్టుల వద్ద గేట్లు మూసివేస్తారు. ఉత్సవాల రోజులలో ఈ వేళలు మారవచ్చు కనుక ముందే విచారించుకోవడం మంచిది. ఎనిమిదిన్నరకు గేటు దాటి, ఆ తరువాత చీకటిలో వేగంగా పోవడం నిబంధనకు విరుద్ధం కాకపోవచ్చు గాని, దాని ఉద్దేశానికి మాత్రం విరుద్ధమే. కణితులు, దుప్పులు, ఎలుగుబంట్లు, చిరుతలు పొద్దుగూకాకే ఎక్కువగా రోడ్డు దాటుతాయి. హెడ్‌లైట్ల వెలుగు సూటిగా కళ్లలో పడితే జంతువు పారిపోదు, ఉన్నచోటనే కొయ్యబారి నిలబడిపోతుంది. పగటివేళ కూడా మలుపుల దగ్గర హారన్ మోగించడం కన్నా వేగం తగ్గించడమే మేలు. ఒక దుప్పి దాటిందంటే వెనుక మరికొన్ని ఉంటాయని తలచి కాసేపు ఆగాలి.

ఇక కోతుల సంగతి. ఈ దారిలో జరిగే హానిలో దీనికే పెద్ద పీట వేయాలి, ఎందుకంటే ఇది పుణ్యమనే పేరుతో జరుగుతుంది. నేనూ ఒకప్పుడు కారు అద్దం దించి అరటిపండ్లు, మరమరాలు పంచినవాడినే. ఆంజనేయస్వామికి పెట్టినట్టేనని పెద్దలు అంటే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కానీ జరిగేది వేరు. సులువుగా తిండి దొరికే చోటు తెలిసిన కోతుల మందలు లోపలి చెట్లను వదిలి రోడ్డు అంచుకు చేరి అక్కడే కాపురం పెడతాయి. పిల్లకోతులు పండు కోసం చక్రాల కిందకే పరుగెత్తుతాయి. చనిపోయిన కోతిని తినడానికి వచ్చే నక్క కూడా అదే రోడ్డు మీద ప్రమాదంలో పడుతుంది. మరో నష్టం కంటికి కనిపించనిది. నేరేడు, తునికి వంటి పండ్లను తిని గింజలను దూరదూరాలకు చేర్చే పని అడవిలో కోతులు, ఎలుగుబంట్లు, పక్షులే చేస్తాయి. ఆ కోతులు రోడ్డు పక్కన బిస్కెట్లకు అలవాటుపడితే ఆ మేరకు విత్తనాలు చల్లే పని ఆగిపోతుంది. కనుక ఏమీ పెట్టకూడదు, పెట్టడానికి వాహనం ఆపనూ కూడదు. ఇంట్లో పెద్దవారు పట్టుబడితే ఆ పండ్లను శ్రీశైలంలో ఆకలిగొన్న మనుషులకు ఇప్పించవచ్చు.

తినుబండారాలను పొట్లాలుగా కాక ఇంటి నుంచి డబ్బాలలో తీసుకువెళ్లాలి. నీటిని స్టీలు సీసాలలో నింపుకోవాలి. చిప్స్ కవరులో మిగిలిన ఉప్పు వాసనకు జింకలు కవరును కూడా నమిలి మింగుతాయి, అది కడుపులో అరగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువులను వేధించడమే కాదు, చెత్త వేయడం కూడా నిషిద్ధం. మిగిలిన అన్నాన్ని కుప్పగా పోయడం కూడా చెత్త వేయడమే, ఎందుకంటే దానికోసం ఊరకుక్కలు అడవిలోకి చేరతాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు వరుసగా మరణించినప్పుడు వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. పులులకూ, రేసుకుక్కలనే అడవికుక్కలకూ ఆ ముప్పు ఉన్నదే. పెంపుడు కుక్కను ఈ ప్రయాణానికి తీసుకురాకపోవడమే మంచిది.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నల్లమల నేల అంతా ఎండుటాకులు, ఎండుగడ్డి. రోడ్డు పక్కన పొయ్యి పెట్టడం, బీడీ ముక్క విసరడం ఎంతటి ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

కాలినడకన వెళ్లేవారికి మరికొంత జాగ్రత్త అవసరం. శివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడిగులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా ఎక్కే దారి పూర్తిగా అడవిలోనే ఉంది. చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరం జాతర కూడా అలాగే లోపలి లోయలో జరుగుతుంది. అనుమతించిన రోజులలోనే, అనుమతించిన బాటలోనే గుంపుతో నడవాలి. నీటిగుండాలలో సబ్బు, షాంపూ వాడకూడదు, ఎందుకంటే వేసవిలో జంతువులు తాగేదీ ఆ నీటినే. అన్నదానం చేసేవారు థర్మకోల్ పళ్లేలకు బదులు విస్తరాకులు వాడితే సగం బెడద తీరుతుంది. సలేశ్వరంలో పూజలు చేసేది చెంచులే. దారి గురించి వారు చెప్పే మాటను మన తొందర కన్నా ఎక్కువగా పాటించాలి.

అడవిని చూడాలనే కోరిక ఉన్నవారు దొంగదారిన లోపలికి పోకుండా ఫరహాబాద్, తుమ్మలబైలు వంటి చోట్ల అటవీశాఖ నడిపే సఫారీలో టికెట్ కొనడమే సరైన పద్ధతి. రాత్రి బసకు బైర్లూటి, పచ్చర్ల విడుదులు ఉన్నాయి. అక్కడ చెంచులకు పని దొరుకుతుంది, అడవి నిలిస్తేనే ఆ పనీ నిలుస్తుంది. వర్షాకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, కోర్ ప్రాంతంలో, అంటే పులుల కోసం ప్రత్యేకించిన నడిమి అడవిలో, సఫారీలు ఉండవు. 2012లో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాలలో పర్యాటకాన్ని కొన్ని నెలలు ఆపివేసిన తరువాత, జాతీయ పులుల సంరక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను గుర్తుంచుకోవాలి: జంతువుకు 20 మీటర్లకు మించిన దూరం, వాహనానికీ వాహనానికీ మధ్య 50 మీటర్లు, ఒక జంతువు దగ్గర 15 నిమిషాలకు మించని బస. డ్రైవరును ఇంకా దగ్గరకు పోనిమ్మని బతిమాలడం, అందుకు విడిగా డబ్బు ఇవ్వజూపడం అతడిని తప్పు వైపు నెట్టడమే. పులి కనిపించకపోతే డబ్బు వృథా అయిందని గొణిగే పర్యాటకుల పక్కన కూర్చుని, బెట్లుడుత అనే పెద్ద ఉడుతను చూసి సంబరపడిన ఉదయాలు నాకు ఉన్నాయి. ఫోటోను పంచుకోవాలనుకుంటే చోటు పేరు, సమయం చేర్చకుండా కొన్నాళ్ల తరువాత పంచుకోవాలి, ఎందుకంటే ఆ వివరాలు వేటగాళ్లకూ అందుతాయి.

దారిలో గాయపడిన జంతువు కనిపిస్తే తాకకూడదు, చుట్టుముట్టకూడదు. కిలోమీటరు రాయి మీది అంకెను రాసుకుని తదుపరి చెక్‌పోస్టులో తెలియజేయాలి. తిరుగు ప్రయాణంలో చెత్తసంచిని అడవి అంచున కనిపించిన మొదటి కుప్పలో వేయకుండా అచ్చంపేట లేదా మార్కాపురం దాకా వాహనంలోనే ఉంచుకోవాలి, ఎందుకంటే గేటు పక్కన పేరుకునే కుప్ప రాత్రికి మళ్లీ అడవిలోకే చేరుతుంది.