ఉపయుక్త గ్రంథసూచి, మూడో పాఠం: ఇంటిపేరు ఏ గడిలో?

కిందటి పాఠంలో, పుస్తకాల వివరాలు దాచి గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేర్ జొటెరోను కంప్యూటర్లో పెట్టుకున్నాం. ఐఎస్‌బీఎన్ అంకె, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఇచ్చి పుస్తకం వివరాలు తెచ్చుకోవడం నేర్చుకున్నాం. ఇచ్చిన అభ్యాసం చేసినవారికి ఈపాటికి ఒక ఇబ్బంది ఎదురై ఉంటుంది. పాత పుస్తకాలకు ఆ అంకె ఉండదు. 1931లో మద్రాసులో అచ్చయిన గిడుగు వారి సవర భాషా మాన్యువల్‌కు అది ఎలా వస్తుంది? అలాంటి వాటి వివరాలు మనమే నింపుకోవాలి. నింపేటప్పుడు ఎక్కువ తప్పులు దొర్లేది రచయిత పేరు దగ్గర. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం పేరుకే ఇస్తున్నాను.

జొటెరోలో రచయిత పేరుకు రెండు గడులుంటాయి. మొదటిది ఇంటిపేరుకు, రెండోది సొంత పేరుకు. ఇంగ్లీషువారి ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి మొదటి గడిని ‘లాస్ట్’ అన్నారు. ఆ మాట చూసి మనవాళ్లు పేరులో చివరన ఉన్న ముక్కను అక్కడ రాసేస్తారు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందుంటుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో చదువుకునే మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన సూచిలో తెలుగు రచయితల పక్కనే ఒడియా రచయితలు ఉంటారు. పట్నాయక్, పాణిగ్రాహి, సాహు వంటి ఇంటిపేర్లు చివరనే వస్తాయి. ఎవరి పద్ధతి ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మీరు ఏ గడిలో ఏది రాస్తే దాన్నే నమ్మి వరుస పేరుస్తుంది.

పర్లాకిమిడి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని తన సిద్ధాంత గ్రంథం పట్టుకుని వచ్చింది. గ్రంథసూచిలో గిడుగు వెంకట రామమూర్తి గారు మూడు చోట్ల కనిపించారు. ఒకచోట ‘గిడుగు’ కింద, మరోచోట ‘రామమూర్తి’ కింద, ఇంకోచోట ‘వెంకట’ కింద. ఆయన పాఠాలు చెప్పిన ఊరు, సవరల మాట నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ఊరు అది. ఆ ఊరి పిల్ల రాసిన గ్రంథంలోనే ఆయన ముగ్గురు మనుషులైపోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. గడుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అలా జరగకుండా నేను పాటించే పద్ధతి చెబుతాను. గ్రంథం తెలుగులో రాస్తున్నారా? పేరు వరుస చివర ఉన్న చిన్న గుర్తును నొక్కితే రెండు గడులు కలిసి ఒకటవుతాయి. అందులో ‘గిడుగు వెంకట రామమూర్తి’ అని పూర్తిగా రాయండి. పేరు విరగదు, మధ్యలో కామా పడదు, అక్షరక్రమంలో ‘గ’ దగ్గరే నిలుస్తుంది. మీ రచన మధ్యలో ఉదహరించినప్పుడు కూడా పూర్తి పేరే వస్తుంది. తెలుగు చదువరికి అదే సహజం.

ఇంగ్లీషులో రాస్తున్నారా? అప్పుడు రెండు గడులూ ఉంచండి. ఏ పేరును ముందు గడిలో పెట్టాలన్నది పుస్తకం ముఖపత్రాన్ని, ఆ రంగంలోని వాడుకను చూసి తేల్చుకోవాలి. భాషాశాస్త్రవేత్తలు ఈ మాన్యువల్‌ను ‘రామమూర్తి 1931’ అనే ఉదహరిస్తారు. ఆ దారిలో వెళ్లండి, కానీ 1938లో వచ్చిన నిఘంటువుకూ అదే రూపం వాడండి. ఒకచోట ‘జి.’ అని, మరోచోట ‘జి. వి.’ అని రాస్తే ఇద్దరు వేర్వేరు రామమూర్తులని జొటెరో అనుకుంటుంది. వారిని విడదీసి చూపడానికి, ఏపీఏ వంటి శైలుల్లో (శైలి అంటే సూచిని, ఉదహరింపులను రాసే పద్ధతి), ఉదహరించిన చోట పేరు ముందు పొడి అక్షరాలు చేరుస్తుంది. అడగకుండానే అవి కనిపించాయంటే పేరు రెండు రకాలుగా నమోదైందేమో వెతకండి.

ప్రచురణ స్థలం విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. ముఖపత్రం మీద ఏముంటే అదే రాయాలి. బెర్హంపూర్ అని ఉంటే దాన్ని బ్రహ్మపుర్ అని దిద్దకండి.  మద్రాసులో అచ్చయిన పుస్తకం మద్రాసుదే.

ఇక తెలుగు పుస్తకం పేరును ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు ప్రతి మాటకూ పెద్ద అక్షరం వచ్చి పడుతుందా? ‘లాంగ్వేజ్’ గడి ఖాళీగా ఉండటమే సాధారణంగా దానికి కారణం. ఖాళీగా ఉంటే ఇంగ్లీషు పుస్తకమనుకుని, షికాగో, ఎంఎల్‌ఏ వంటి శైలుల్లో మాట మాటకూ పెద్ద అక్షరం వేస్తుంది. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టి, ఇ అని రెండు అక్షరాలు కొట్టండి, అది తెలుగుకు గుర్తు. ఒడియాకు ఓ, ఆర్. అసలు ఇంగ్లీషు పుస్తకాల పేర్లు కూడా మొదటి మాటకు, విశేషనామాలకు మాత్రమే పెద్ద అక్షరం వేసి దాచుకోవడం మేలు. చిన్నవాటిని పెద్దవి చేయడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక. పెద్దవాటిని చిన్నవి చేయమంటే ఏది ఊరి పేరో, ఏది మనిషి పేరో దానికి తెలియదు.

దిద్దుబాటు ఎప్పుడూ జొటెరోలోనే చేయండి, వర్డ్ పుటలో వద్దు. అక్కడ చేత్తో దిద్దినది ‘రిఫ్రెష్’ నొక్కగానే పోతుంది. రాత్రంతా కూర్చుని దిద్దిన సూచి తెల్లవారి పాత తప్పులతో తిరిగి ప్రత్యక్షమైందని కన్నీళ్లు పెట్టుకున్నవారిని చూశాను.

ఈ వారం పని: మీ దగ్గరున్న పది పుస్తకాలు తీయండి. వాటిలో కనీసం మూడు తెలుగువి, మూడు ఒడియావి ఉండాలి. ముఖపత్రం ఎదురుగా పెట్టుకుని పేరు, స్థలం, భాష గడులు నింపండి. తరవాత సూచి తయారుచేసి, ప్రతి రచయితా ఒక్కచోటే ఉన్నారో లేదో వేలు పెట్టి చూడండి. ఒడియా పుస్తకాలన్నీ తెలుగు వాటికి ముందు చేరడం గమనిస్తారు. మూడు లిపుల సూచిని ఎలా విడదీసుకోవాలో నాలుగో పాఠంలో చూద్దాం. ఈలోగా మీ పర్యవేక్షకులు ఏ వరుస కోరుకుంటున్నారో అడిగి రాసి పెట్టుకోండి.