వాల్వ్ గిటార్ యాంప్ మరమ్మతు - 6వ పాఠం: కెపాసిటర్‌ని చల్లటి యాంప్ చూసి కొనాలి

ఈసారి ఫిల్టర్ కెపాసిటర్లు (డీసీలో ఎగుడుదిగుళ్ళని నునుపు చేసేవి) ఎన్ని మైక్రోఫారడ్లవి (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) కొనాలో చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. దానికి ముందు పోయిన పాఠం మిగిల్చిన గొడవ తేల్చాలి.

"ఒక్కో ఫిల్టర్ కెపాసిటర్ మీద ఎన్ని వోల్టులున్నాయో కొలిచి రాసుకోండి" అన్నాను. మీరు కొలిచారు. రెండు ఈఎల్ 34 పవర్ వాల్వులు, డయోడ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) ఉన్న యాంపుల నుంచి వచ్చిన లెక్కలు కాస్త అటూ ఇటూగా ఇవీ: మొదటి కెపాసిటర్ దగ్గర 428, స్క్రీన్ల (పవర్ వాల్వుల లోపలి రెండో గ్రిడ్‌ల) దగ్గర 420, ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ని రెండుగా విడదీసి పవర్ వాల్వులకిచ్చే భాగం) దగ్గర 365, ప్రీయాంప్ (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం) దగ్గర 335. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొందరు ఈ పాఠం వచ్చేదాకా ఆగకుండా 450, 450, 400, 350 వోల్టుల కెపాసిటర్లు కొని బిగించేశారు. వారం తిరక్కుండానే ఒకరి ప్రీయాంప్ కెపాసిటర్ తల ఉబ్బింది. "335 ఉన్నచోట 350ది పెట్టాను కదా, ఎందుకు ఉబ్బింది?" అని అడిగారు.

తప్పు నాది. ఎక్కడ కొలవాలో చెప్పాను, ఎప్పుడు కొలవాలో చెప్పలేదు. మీరంతా వాల్వులు ఎర్రగా వెలిగాక, యాంప్ స్థిమితపడ్డాక కొలిచారు. కెపాసిటర్‌కి గండం అప్పుడు కాదు, స్విచ్ వేసిన మొదటి అర నిమిషంలో.

డయోడ్‌కి వేడెక్కాల్సిన పని లేదు, స్విచ్ వేయగానే పని మొదలుపెడుతుంది. వాల్వులకు మాత్రం హీటర్ కాగి, కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరేదాకా పదిహేను ఇరవై సెకన్లయినా పడుతుంది. ఆలోపు కరెంటు తాగేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని మొదటి కెపాసిటర్ ఏసీ వోల్టేజీ శిఖరం దాకా, అంటే 1.414 రెట్లు, నిండిపోతుంది. నా యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 325-0-325 అని ఉంది, అంటే వైండింగ్ మధ్య తీగ (సెంటర్ ట్యాప్) నుంచి అటూ ఇటూ 325 చొప్పున. లోడ్ లేకుండా కొలిస్తే సగం వైండింగ్ 346 ఇస్తోంది. 346 ఇంటూ 1.414 అంటే 489 వోల్టులు. వేడిగా ఉన్నప్పుడు 428 చూపించే చోటే ఇది.

ఇంతవరకు చాలామందికి అర్థమవుతుంది. నాకు చిరాకు తెప్పించే పొరపాటు దీని తర్వాతిది. "మొదటి దానికి 489 సరే, చివరి దాని ముందు రెసిస్టర్లు ఉన్నాయి కదా, అవి వోల్టేజీ తగ్గిస్తాయి కదా" అంటారు. తగ్గించవు! రెసిస్టర్ తనంతట తాను ఏ వోల్టేజీనీ తగ్గించదు. దానిగుండా కరెంటు పారితేనే తగ్గుతుంది. స్క్రీన్ల నుంచి ఫేజ్ ఇన్వర్టర్‌కి వెళ్ళే 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌లో 5.5 మిల్లీఆంపియర్లు పారితే 55 వోల్టులు పడిపోతాయి, 420 కాస్తా 365 అవుతుంది. దాని తర్వాతి 10 కిలోఓమ్‌లలో 3 మిల్లీఆంపియర్లే పారతాయి, ఇంకో 30 తగ్గి 335 అవుతుంది. వాల్వులు చల్లగా ఉన్నప్పుడు పారే కరెంటు సున్నా. సున్నాని పదివేలతో హెచ్చవేసినా సున్నాయే. కాబట్టి నాలుగు కెపాసిటర్ల మీదా 489 వోల్టులే.

"నిండటానికి టైం పట్టదా? ఈలోపు వాల్వులు కాగవా?" అని ఒకరు తెలివిగా అడిగారు. లెక్క వేద్దాం. 10 కిలోఓమ్‌లు ఇంటూ 22 మైక్రోఫారడ్లు అంటే 0.22 సెకను. వరుసలో చివరిది కూడా రెండు మూడు సెకన్లలో నిండిపోతుంది. వాల్వులు కాగేది ఆ తర్వాత చాలాసేపటికి. అంటే 350 అని రాసి ఉన్న ఆ చిన్న కెపాసిటర్, స్విచ్ వేసిన ప్రతిసారీ 139 వోల్టుల అదనపు బరువు మోస్తోంది. ఉబ్బక ఏం చేస్తుంది?

స్టాండ్‌బై స్విచ్ (హీటర్లని వెలగనిచ్చి, వాల్వులకు డీసీ ఆపి ఉంచేది) ఉంటే కథ మారుతుంది, మెరుగవ్వదు. ఆ స్విచ్ మొదటి కెపాసిటర్ తర్వాత ఉంటే, మీరు తీగలు ట్యూన్ చేసుకుంటూ పది నిమిషాలు స్టాండ్‌బైలో ఉంచితే, పది నిమిషాలూ ఆ కెపాసిటర్ 489 మీదే కూర్చుంటుంది. నా మొదటి యాంప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ముందు కుక్కర్ విజిల్ వేయబోయే ముందులాంటి సన్నటి బుస్సుమనే చప్పుడు, తర్వాత చేపల వాసన లాంటి ఘాటు, ఛాసిస్ (యాంప్ లోహపు చట్రం) అంతా తడి కాగితం పీలికలు. వాటిని గీకి తీయడానికి ఒక సాయంత్రం పట్టింది.

రెక్టిఫయర్ వాల్వే అయితే? జీజెడ్ 34 నెమ్మదిగా కాగుతుంది కాబట్టి కొంత మేలు. 5వై3 డైరెక్ట్ హీటింగ్ రకం (కాగే తీగే కాథోడ్), మిగతా వాల్వుల కన్నా ముందే లేచి కూర్చుంటుంది. పైగా ఏ రెక్టిఫయర్ ఉన్నా, పవర్ వాల్వులు సాకెట్ల నుంచి తీసి స్విచ్ వేస్తే లోడ్ పోయి వోల్టేజీ పైకి పోతుంది. అందుకే నేను రెక్టిఫయర్ వాల్వుని నమ్ముకోను.

ఇప్పుడు కొలిచే పద్ధతి. వాల్వులు తీసేసి పాత కెపాసిటర్ల మీద డీసీ కొలవకండి, తట్టుకోలేని వాటిని మనమే చంపినట్టవుతుంది. ప్లగ్ పీకి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటర్ పెట్టి సున్నా చూసుకుని, అప్పుడు డయోడ్ల వైపు వెళ్ళే హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైర్లు విప్పి విడివిడిగా ఇన్సులేట్ చేయండి. మీటర్ వైర్లని క్లిప్పులతో తగిలించి, చేతులు తీసేసి, అప్పుడే ప్లగ్ పెట్టండి. ఏసీ రేంజ్‌లో సెంటర్ ట్యాప్ నుంచి ఒక చివరకి కొలవాలి. ఆ చివర నుంచి ఈ చివరకి కొలిచి, 1.414తో హెచ్చవేసి, "919 వోల్టులు వస్తోంది, యాంప్ అమ్మేయనా?" అని ఒకరు టెన్షన్ పడ్డారు. సెంటర్ ట్యాప్ రెక్టిఫయర్‌లో ఒకసారికి సగం వైండింగే పనిచేస్తుంది. బ్రిడ్జి (నాలుగు డయోడ్ల రెక్టిఫయర్) అయితేనే మొత్తం వైండింగ్ లెక్కలోకి వస్తుంది.

వచ్చిన అంకెకి 1.414 కట్టి, మెయిన్స్ పెరిగే రోజుల కోసం ఇంకో పది శాతం కలపండి. నా 489 అలా 538 అయింది. 450 వోల్టులది దరిదాపుల్లో లేదు. 500ది కూడా చాలదు. కెపాసిటర్ కొద్దిసేపు రాసినదానికన్నా పది శాతం ఎక్కువ తట్టుకుంటుందని డేటాషీట్లు చెప్పే మాట నిజమే కానీ, అది ఆపదలో వాడుకోవడానికి. రోజూ దానిమీద బతకకూడదు.

మొదటి చోట నేను 100 మైక్రోఫారడ్లు, 350 వోల్టులవి రెండు సిరీస్‌లో పెడతాను. రెండూ కలిసి 50 మైక్రోఫారడ్లు, 700 వోల్టులు. ఒక్కోదానికి అడ్డంగా 220 కిలోఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే లీకేజీ తక్కువున్న కెపాసిటర్ ఎక్కువ వోల్టేజీ లాక్కుంటుంది. స్విచ్ ఆపాక మొదటి జంటని ఖాళీ చేసేదీ అవే. నిమిషం గడిచేసరికి 489 వోల్టులు ముప్పై చిల్లరకి దిగుతుంది. అయినా మీటర్ పెట్టి చూడకుండా వేలు పెట్టొద్దు. ఇంకో సంగతి: పై కెపాసిటర్ డబ్బా ఛాసిస్‌కి తగలకూడదు. దాని నెగటివ్ కాలు దగ్గరే 240కి పైగా వోల్టులుంటాయి.

మిగతా మూడు చోట్లా 47 మైక్రోఫారడ్లు, 350 వోల్టుల జంటలు, అదే రెసిస్టర్లతో. జంటకి సుమారు 23 మైక్రోఫారడ్లు వస్తాయి. ఒక్కో జంట రెసిస్టర్ల గుండా దాదాపు ఒక మిల్లీఆంపియర్ పారుతుంది కాబట్టి ప్రీయాంప్ వైపు వోల్టేజీ కాస్త తగ్గుతుంది, కంగారు పడకండి. చోటు చాలకపోతే ఒక్కొక్కటి చొప్పున 600 వోల్టుల ఫిల్మ్ రకం వెతకండి. పెద్దగా ఉంటాయి, ఖరీదు కూడా, కానీ నేను పోయాక కూడా పనిచేస్తాయి.

ఇక మైక్రోఫారడ్ల విషయం. ఇది సులువు. స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) ఉన్నంతే పెట్టండి. 50 హెర్ట్జ్ మెయిన్స్ మీద 100 మిల్లీఆంపియర్లు లాగితే, 47 మైక్రోఫారడ్ల మీద రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) దాదాపు 21 వోల్టులు. సగం పెడితే రెట్టింపు. పెంచితే హమ్ తగ్గి బేస్ గట్టిపడుతుంది, గట్టిగా వాయించినప్పుడు కుంగే ఆ మెత్తదనం మాత్రం పోతుంది. నాకు ఆ మెత్తదనమే ఇష్టం. రెక్టిఫయర్ వాల్వు జీజెడ్ 34 అయితే మొదటి కెపాసిటర్ 60, ఈజెడ్ 81 అయితే 50 మైక్రోఫారడ్లు దాటకూడదు. డేటాషీట్ గీసిన గీత అది.

105 డిగ్రీల వేడి తట్టుకునే రకమే తీసుకోండి. పాత స్టాక్ వాల్వులు కొనుక్కోవచ్చు, పాత స్టాక్ ఎలక్ట్రోలైటిక్ (లోపల తడి ఉండే) కెపాసిటర్లు వద్దు. వాడకుండా ఉంచినా లోపల పాడవుతాయి. బయాస్ సప్లైలో (పవర్ వాల్వుల గ్రిడ్‌లకి నెగటివ్ వోల్టేజీ ఇచ్చే భాగంలో) కెపాసిటర్ మార్చేవాళ్ళు ఒక్క క్షణం ఆగండి: అక్కడ వోల్టేజీ నెగటివ్, కాబట్టి ప్లస్ కాలే గ్రౌండ్‌కి వెళ్తుంది.

అభ్యాసం. ఒక యాంప్‌కి బ్రిడ్జి రెక్టిఫయర్, వైండింగ్ మీద 275 అని ఉంది, లోడ్ లేకుండా 292 వస్తోంది. ఈఎల్ 84 వాల్వులు, వేడెక్కాక హెచ్‌టీ 345. అమ్మేవాడి దగ్గర 400, 450, 500 వోల్టులవి ఉన్నాయి. మొదటి చోట ఏది పెడతారు, ప్రీయాంప్ చోట ఏది పెడతారు, ఎందుకు? రెండు చోట్లకీ వేర్వేరు జవాబులు రాసినవాళ్ళు ఐదో పేరా మళ్ళీ చదివి రండి.