సబ్‌మెరైనరా, సీమాస్టరా: ఎంచుకునే పద్ధతి

రోలెక్స్ సబ్‌మెరైనర్, ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం వాచీలలో ఒకటి కొనదలచినవారు ముందుగా రెండింటినీ కాసేపు చేతికి పెట్టుకుని, చొక్కా చేతి అంచు కిందికి అవి సులువుగా జారుతున్నాయో లేదో గమనించాలి. సబ్‌మెరైనర్ వెడల్పు 41 మిల్లీమీటర్లు, సీమాస్టర్‌ది 42. రెండూ 300 మీటర్ల లోతుకు సరిపడా వాటర్‌ప్రూఫ్. అయితే సబ్‌మెరైనర్ కాస్త పలచగా ఉండి మణికట్టుకు అంటిపెట్టుకుంటుంది. పైగా ఎండకు చేయి ఉబ్బినప్పుడు దాని పట్టీని ఏ పనిముట్టూ లేకుండానే రెండేసి మిల్లీమీటర్ల చొప్పున వదులు చేసుకోవచ్చు. రోజూ ధరించేవారికి ఈ చిన్న సౌకర్యమే అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. మరోవైపు సీమాస్టర్ యంత్రానికి 15,000 గాస్‌ల (అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకునే శక్తి ఉంది.

తిరిగి అమ్మేటప్పుడు సాధారణంగా సబ్‌మెరైనర్ తన విలువను మెరుగ్గా నిలుపుకుంటుంది. సీమాస్టర్ ధర షోరూం దాటగానే తగ్గుతుంది కనుక, ఆ తరుగును మొదటి యజమాని భరించాక, మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ వాచీని కొనడమే మేలు. ఏది కొన్నా వారంటీ కార్డును, పెట్టెను, పట్టీ నుంచి తీసిన లింకులను భద్రపరచాలి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు పాలిష్ వద్దని రాతపూర్వకంగా చెప్పాలి; గీతలు పోవడానికి అరగదీస్తే కేసు (వాచీ యంత్రం చుట్టూ ఉండే లోహపు తొడుగు) అంచుల పదును కూడా పోతుంది, అనుభవమున్న కొనుగోలుదారు ముందుగా పరిశీలించేది ఆ అంచులనే.